పని, విశ్రాంతి: అలసిపోవడం విశ్వాసలోపమా?

రాత్రిషిఫ్టు

అందరికీ ప్రభువు నామమున వందనములు. నేను ఒక గిడ్డంగిలో సరుకుల లెక్కలు చూస్తాను. షిఫ్టులు మారుతూ ఉండడం వల్ల కొన్ని ఆదివారాలు పనిలోనే గడిచిపోతాయి. ఖాళీగా దొరికిన ఆదివారాన ఉదయం సండే స్కూలు, తరువాత ఆరాధనలో పాటల బృందం, మధ్యాహ్నం యౌవనస్థుల కూడిక, సాయంత్రం విశ్వాసుల ఇళ్ల సందర్శన ఉంటాయి. వీటిలో ఒక బాధ్యత నుండి కొంతకాలం తప్పించమని ఈమధ్య అడిగినప్పుడు, మా పెద్దలలో ఒకరు "ప్రభువు పనిలో అలసట విశ్వాసం తగ్గినప్పుడే వస్తుంది" అన్నారు.

ఆయన మీద ఫిర్యాదు చేయడానికి ఈ చర్చ మొదలుపెట్టలేదు. సోమరితనాన్ని గద్దించే వచనాలు నాకు తెలుసు, విశ్రాంతి గురించిన వచనాలూ తెలుసు, కానీ ఏది ఎక్కడ వర్తిస్తుందో తేల్చుకోలేకపోతున్నాను. పని పూర్తయిన తరువాత దొరికే బహుమానమా విశ్రాంతి, లేక పని మిగిలి ఉన్నా పాటించవలసిన ఆజ్ఞా? లేఖనాల నుండి, సంఘ చరిత్ర నుండి వివరించగలవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

పాత సంఘపెద్ద

సహోదరునికి వందనములు. మీ పెద్దగారి మాట కటువుగా ఉండవచ్చు గాని, ఆ మాట వెనుక ఉన్న ఆందోళనను కొట్టిపారేయకండి.

పని అనేది పాపానికి వచ్చిన శిక్ష కాదు. ఆదికాండము 2:15లోనే, అంటే ఆదాము పాపంలో పడకముందే, దేవుడు నరుని ఏదెను తోటను "సేద్యపరచుటకును దాని కాచుటకును" అందులో ఉంచాడు. మూడవ అధ్యాయంలో శాపం తగిలింది నేలకు. దానివల్ల పనిలోకి ముళ్లు, చెమట వచ్చాయే తప్ప, పని అప్పుడు పుట్టలేదు. థెస్సలొనీక సంఘంలో కొందరు పని మానుకొని పరుల జోలికి పోతున్నారని విన్న పౌలు, "ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు" అని ఆజ్ఞాపించాడు. ఆయన మాటకు బలం ఎక్కడిదంటే, ఆయనే డేరాలు కుట్టి, ఎవరికీ భారం కాకుండా రాత్రింబగళ్లు కష్టపడి, ఆ మధ్యనే సువార్త ప్రకటించాడు. రాత్రి వచ్చుచున్నది, అప్పుడెవడును పనిచేయలేడు అని ప్రభువే అన్నాడు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ వృద్ధాప్యంలో కూడా గుఱ్ఱం మీదా బండి మీదా ఊరూరా తిరిగి ప్రసంగించాడు. ఈ తరంలో విశ్రాంతి అనే పేరుతో వినోదానికి ఎంత కాలం పోతున్నదో చూస్తున్నవాణ్ని కాబట్టి ఇలా రాస్తున్నాను.

బేతనియ

పెద్దలు చెప్పిన వచనాలన్నీ సత్యమే. కానీ అడిగిన ప్రశ్న వేరు: అలసట విశ్వాసలోపమా?

యోహాను 4:6 చదవండి. యేసు ప్రయాణం వల్ల అలసి, ఆ అలసట తీరకముందే బావి దగ్గర కూర్చున్నాడని సువార్తికుడు దాచకుండా రాశాడు. మార్కు 4లో తుపాను లేచి అలలు దోనెను ముంచెత్తుతున్నా ఆయన దోనె అమరమున తలగడ మీద నిద్రపోతున్నాడు. అక్కడ విశ్వాసం లేదని గద్దింపు తిన్నది నిద్రపోయినవాడు కాదు, మేలుకొని ఉన్న శిష్యులు. ప్రభువుకు లేని విశ్వాసం మనకు ఉండాలని ఎవరూ అడగరనుకుంటాను.

ఇక ఏలీయా ప్రవక్త. కర్మెలు కొండమీద అగ్ని దిగివచ్చిన తరువాత, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద చావు కోరుకున్నాడు. అప్పుడు దేవుడు పంపిన దూత అతనికి బోధ చేయలేదు, విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. అతడు పడుకొని నిద్రపోయాడు. దూత తట్టి లేపి భోజనం చేయమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండవసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది కాబట్టి మళ్లీ తినమన్నాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అనే ప్రశ్న వచ్చింది నలువది రాత్రింబగళ్లు గడిచి హోరేబు చేరిన తరువాతే. ఆ క్రమాన్ని సంఘాలలో తలకిందులుగా పాటిస్తున్నాం: ముందు ప్రశ్న వేస్తాం, నిద్ర సంగతి ఎవరికీ గుర్తుండదు.

డేరాలు కుట్టేవాడు

వారమంతా ఉద్యోగం చేసుకుంటూ, జీతం లేకుండా ఒక చిన్న సంఘంలో వాక్యం చెప్పేవాణ్ని. ప్రశ్న వేసిన సహోదరుడు "బహుమానమా, ఆజ్ఞా" అని సరిగ్గా పట్టుకున్నారు కాబట్టి అక్కడినుండే మొదలుపెడతాను.

ఆదికాండము మొదటి అధ్యాయం ప్రకారం మనుష్యుడు సృజింపబడింది ఆరవ దినాన. అంటే అతడు చూసిన మొదటి పూర్తి రోజు ఏడవది, దేవుడు విశ్రమించి ఆశీర్వదించిన రోజు. దేవుని వైపునుండి చూస్తే విశ్రాంతి పని ముగిసిన తరువాత వచ్చింది. మనుష్యుని వైపునుండి చూస్తే పని మొదలుకాకముందే వచ్చింది. అతడు ఇంకా ఏమీ సంపాదించుకోలేదు, ఒక్క మొక్క నాటలేదు. ఇది సృష్టి వృత్తాంతంలో ఉన్న సంగతి.

తరువాత పది ఆజ్ఞలు. నాలుగవ ఆజ్ఞ రెండుచోట్ల ఉంది, రెండింటిలో కారణాలు వేరు. నిర్గమకాండము 20లో కారణం సృష్టి: దేవుడు ఆరు దినాలలో చేసి ఏడవ దినాన విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండము 5లో కారణం విమోచన: నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్నావు, నీ దేవుడు నిన్ను అక్కడనుండి రప్పించాడు, అందుచేత విశ్రాంతిదినం ఆచరించు, "నీవలె" నీ దాసుడూ నీ దాసీ విశ్రమించాలి. ఈ రెండవ కారణాన్ని మన ప్రసంగాలలో చాలా అరుదుగా వింటాం. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు మూడు దినాలు సెలవు అడిగినప్పుడు ఫరో ఏమి చేశాడో నిర్గమకాండము 5లో ఉంది. గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు, పైగా "మీరు సోమరులు" అని రెండుసార్లు తిట్టాడు. ఆరాధన కోసం పని ఆపుతామన్నవారిని సోమరులన్న మొదటి నోరు బైబిలులో ఫరోది. (పెద్దలు గారిని ఉద్దేశించి అనడం లేదు, దయచేసి అపార్థం చేసుకోకండి.)

కాబట్టి విశ్రాంతిదినం ఒక స్వేచ్ఛా ప్రకటన. దాసునికి సెలవు యజమాని దయ మీద ఆధారపడి ఉంటుంది. విడిపించబడినవాడు మాత్రం పని మిగిలి ఉండగానే ఆపగలడు. దీనికి నిర్గమకాండము 34:21 సాక్ష్యం: "దున్ను కాలమందైనను కోయుకాలమందైనను ఆ దినమున విశ్రమింపవలెను." వ్యవసాయదారునికి ఆ రెండు కాలాలే ఆపడానికి వీలులేనివి, వాటినే ప్రత్యేకంగా పేర్కొని ఆజ్ఞ ఇచ్చాడు. పని అయిపోయాక ఆపమనడానికి ఆజ్ఞ ఎందుకు?

అరణ్యంలో దేవుడు ఇచ్చిన ఆహారమైన మన్నా విషయమూ ఇంతే. సీనాయి ఆజ్ఞలకంటే ముందే, నిర్గమకాండము 16లో, ఆరవ దినాన రెండంతలు కూర్చుకొని ఏడవ దినాన ఆగమన్నాడు. కొందరు ఆ దినాన కూడా వెళ్లి వెదికారు, వారికేమీ దొరకలేదు. ఆకలికి భయపడి విశ్రాంతి మానుకోవడం ఆనాడే ఉన్నది.

ఏడవదినం

డేరాలు కుట్టేవారి వివరణకు కృతజ్ఞతలు. అయితే దినాన్ని మాత్రం పక్కనపెట్టారు. దేవుడు ఆశీర్వదించినది ఏడవ దినం. ఏదో ఒక దినం కాదు. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లాండులోని ఏడవదిన బాప్టిస్టులు, 1863లో సంఘంగా ఏర్పడిన సెవెంత్ డే అడ్వెంటిస్టులు ఈ ఆజ్ఞను ఉన్నది ఉన్నట్టుగా పాటిస్తూ వచ్చారు. శుక్రవారం సూర్యాస్తమయం నుండి శనివారం సూర్యాస్తమయం వరకు మేము ఉద్యోగం, వ్యాపారం, కొనుగోళ్లు ఆపుతాం. శుక్రవారాన్ని సిద్ధపాటు దినంగా వాడుకుంటాం. ఆదివారాన్ని విరామ దినంగా చట్టం చేసినది 321లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి, అపొస్తలులు కారు. నా అనుభవంలో ఆజ్ఞకు గడియారపు హద్దు ఉన్నప్పుడే మనిషి నిజంగా ఆగుతాడు. "వీలైనప్పుడు విశ్రమిస్తాను" అనేవారికి ఆ వీలు రాదు.

నిబంధన

మీరు చెప్పిన చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, దినం విషయంలో ఏకీభవించను. కాన్‌స్టాంటైన్ విరామాన్ని చట్టం చేసినది నిజమే. న్యాయాధిపతులు, పట్టణవాసులు, చేతిపనివారు ఆ దినాన ఆగాలన్నాడు, పొలం పని చేసేవారికి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. కానీ వారపు మొదటి దినమైన ఆదివారాన కూడుకోవడం అంతకు చాలా ముందునుండీ ఉంది. అపొస్తలుల కార్యములు 20:7లో ఆదివారమున రొట్టె విరుచుటకు కూడుకున్నారు. రెండవ శతాబ్దం మధ్యలో క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ ఆదివారపు కూడికను, అక్కడ చదివే లేఖనాలను, ప్రార్థనను, ప్రభు బల్లను వరుసగా వర్ణించాడు.

ఈ చర్చకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆ మొదటి మూడు శతాబ్దాలలో క్రైస్తవులకు ఆదివారం సెలవు లేదు. వారిలో చాలామంది దాసులు, కూలీలు. సుమారు 112లో బితూనియ అనే రోమా ప్రాంతపు అధిపతి ప్లినీ, చక్రవర్తి ట్రాజనుకు రాసిన లేఖలో, వీరు నియమిత దినాన తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును కీర్తిస్తారని ఉంది. ఆ తరువాత వారు పనికి వెళ్లవలసినవారే. కాబట్టి షిఫ్టు వల్ల ఆదివారం పని చేయవలసి వచ్చిన విశ్వాసి తనను తాను రెండవ తరగతి క్రైస్తవుడిగా భావించుకోనక్కరలేదు. రోమా 14:5 ప్రకారం ప్రతివాడు తన మనస్సులో రూఢిపరచుకొనవలెను. కొలొస్సయులకు 2:16 ప్రకారం విశ్రాంతిదినం విషయంలో ఎవడూ తీర్పు తీర్చకూడదు.

విశ్వాసం నేర్పడానికి రాసిన 1529 నాటి పెద్ద ప్రశ్నోత్తరిలో ప్రొటెస్టంటు సంస్కర్త మార్టిన్ లూథర్ కూడా ఇదే దారిలో నడిచాడు. ఏ దినమూ స్వతహాగా మిగతా దినాలకంటే శ్రేష్ఠం కాదని, వారమంతా పాటుపడే దాసదాసీలకు శరీర విశ్రాంతి కోసమూ, అందరూ వాక్యం వినడానికి తీరిక దొరకడం కోసమూ ఒక దినం ఉంచుకోవాలని రాశాడు. మరో సంస్కర్త కాల్విన్ చెప్పిన కారణాలలోనూ దాసుల విశ్రాంతి ఉంది. సంస్కర్తలు మాట్లాడింది తమ అలసట గురించి కాదు, తమ కింద పనిచేసేవారి అలసట గురించి.

నిర్వాహకులు

శనివారమా ఆదివారమా అనే అంశానికి వేరే చర్చ తెరిచి ఉంది. ఇక్కడ పని, విశ్రాంతి వరకే పరిమితం కావలసిందిగా మనవి.

మార్త కూతురు

చాలాసేపు చదివాక రాస్తున్నాను. ఆజ్ఞలో ఉన్న జాబితాను ఒకసారి చూడండి: నీవు, నీ కుమారుడు, నీ కుమార్తె, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ యింట ఉన్న పరదేశి. ద్వితీయోపదేశకాండములో ఎద్దు, గాడిద పేర్లు కూడా వచ్చాయి. భార్య పేరు లేదు. "నీవు" అన్న మాటలోనే భార్య కూడా ఉన్నదని వ్యాఖ్యాతలు చెబుతారు, నేనూ అలాగే నమ్ముతాను. కుమార్తెకూ దాసికీ విశ్రాంతి ఇచ్చిన దేవుడు తల్లిని మరచిపోడు. కానీ చాలా ఇళ్లలో ఆ ఆజ్ఞ ఆమె పేరు లేనట్టుగానే అమలవుతుంది.

ఆదివారం ఆరాధన నుండి వచ్చాక ఇంట్లో అందరూ విశ్రమిస్తారు. ఆ విశ్రాంతికి కావలసిన భోజనం, గిన్నెలు, బట్టలు, మరుసటి ఉదయానికి పిల్లల సంచులు ఎవరి చేతుల మీదుగా సిద్ధమవుతాయి? సంఘంలో ప్రత్యేక కూడిక పెట్టినప్పుడు వాక్యం వినేవారు ముందు గదిలో ఉంటారు, వండేవారు వెనుక ఉంటారు. ఆ వెనుక ఉన్నవారికి ఆ వారం వాక్యమూ లేదు, విశ్రాంతీ లేదు. దీనికి మేము పెట్టుకున్న పేరు పరిచర్య.

మార్త పనిలో ఉండగా ఆమె సహోదరి మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చొని విన్న కథను కూడా మా మీదే ప్రయోగిస్తారు. లూకా 10లో ప్రభువు మార్తను పనిచేసినందుకు గద్దించలేదు. "అనేకమైన పనులనుగూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు" అన్నాడు. మరియ కూర్చున్న చోటు ఆమెనుండి తీసివేయబడదు అని కూడా అన్నాడు. అంటే ఆ ఇంట్లో స్త్రీకి వినే చోటు ఉన్నదని ప్రభువే హామీ ఇచ్చాడు. ఆ హామీ నిలబడాలంటే ఆ రోజు వంట తేలిక కావాలి, లేదా వేరొకరు చేయాలి. నిర్గమకాండము 16:23లో దీనికి దేవుడే ఏర్పాటు చూపించాడు: కాల్చుకోవలసినది, వండుకోవలసినది ముందు రోజే చేసుకొని, మిగిలినది మరుసటి రోజుకు ఉంచుకోండి. నిన్నటిది తినడం ఆ దినాన నామోషీ కాదు. విశ్రాంతి అంటే విందు అని మనమే తీర్మానించుకున్నాం.

సాయంకాల ప్రార్థన

కతోలిక సంఘస్థుణ్ని, మార్త కూతురు గారి మాటకు మా బోధలో ఆధారం ఉన్నదని చెప్పడానికి వచ్చాను. కతోలిక సత్యోపదేశంలో 2187వ పేరా, ప్రభువు దినాన్ని ఆచరించకుండా ఇతరులకు ఆటంకమయ్యే పనులను అనవసరంగా వారిమీద మోపకూడదని చెబుతుంది. 1891లో పదమూడవ లియో పోపు కార్మికుల గురించి రాసిన రేరుమ్ నోవారుమ్ లేఖలో, మనిషి తన దేహాన్నీ ఆత్మనూ అరగదీసే పనికి ఒప్పుకునే స్వేచ్ఛ కూడా అతనికి లేదన్న ధోరణిలో వాదన సాగుతుంది. విశ్రాంతి కార్మికుడి కోరిక కాదు, దేవునిపట్ల అతనికున్న బాధ్యత, దాన్ని యజమాని కొనలేడు.

సన్యాసాశ్రమాల అనుభవం కూడా ఈ చర్చలో ఉండాలి. ఐగుప్తు ఎడారిలో అంతోని అనే సన్యాసి విసుగుతో, చీకటి ఆలోచనలతో బాధపడుతూ దేవునికి మొరపెట్టినప్పుడు, తనలాంటి ఒకడు కూర్చొని తాడు పేనుతూ, లేచి ప్రార్థిస్తూ, మళ్లీ కూర్చొని పేనుతూ కనబడ్డాడని, "ఇలా చెయ్యి, రక్షింపబడతావు" అన్న మాట వినబడిందని అలాంటి తొలి సన్యాసులైన ఎడారి తండ్రుల సూక్తులలో ఉంది. అదే అంతోని సహోదరులతో సరదాగా ఉండగా ఒక వేటగాడు చూసి తప్పుపట్టాడు. విల్లు ఎక్కుపెట్టమన్నాడు అంతోని; ఇంకా లాగమన్నాడు; ఇంకా లాగితే విరిగిపోతుందని వేటగాడు అన్నప్పుడు, సహోదరుల సంగతీ అంతే అన్నాడు.

మరొకటి వినండి, ఇది కాస్త నవ్వు తెప్పిస్తుంది. సిల్వాను అనే ఆశ్రమపెద్ద దగ్గరకు ఒకడు వచ్చి, సహోదరులు పనిచేయడం చూసి, క్షయమైన ఆహారం కోసం కష్టపడకండి, మరియ ఉత్తమమైనది ఏర్పరచుకుంది అన్నాడు. సిల్వాను అతనికి ఒక గ్రంథం ఇచ్చి గదిలో కూర్చోబెట్టాడు. భోజనవేళ ఎవరూ పిలవలేదు. ఆకలికి తాళలేక బయటికి వచ్చి అడిగితే, మీరు ఆత్మసంబంధులు కదా, మాకైతే శరీరం ఉంది, తినాలి, అందుకే పనిచేస్తాం అన్నాడు సిల్వాను. మార్త వల్లనే మరియకు ప్రశంస అని కూడా అన్నాడట.

ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు సన్యాసుల కోసం రాసిన తన నియమావళి 48వ అధ్యాయంలో సోమరితనం ఆత్మకు శత్రువు అన్నాడు. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆ అధ్యాయమంతా చదివితే చేతిపనికి ఇన్ని గంటలు, పఠనానికి ఇన్ని గంటలు అని ఋతువుల ప్రకారం విభజించాడు, వేసవిలో మధ్యాహ్నం పడుకోవడానికి సమయం ఇచ్చాడు, బలహీనులకు తగిన పని ఇవ్వమన్నాడు, అన్నీ మితంగా జరగాలన్నాడు. ప్రార్థన గంట వినబడగానే చేతిలో పని వదిలి వెళ్లాలన్నది 43వ అధ్యాయం.

పాత సంఘపెద్ద

చర్చ బాగుంది. కానీ ఒక సంగతి మిగిలిపోయింది. ఉద్యోగానికి విశ్రాంతిదినపు హద్దు వర్తిస్తుంది. పరిచర్యకు ఎలా వర్తిస్తుంది? మత్తయి 12:5లో, యాజకులు విశ్రాంతిదినాన దేవాలయంలో ఆ దినాన్ని ఉల్లంఘించి కూడా నిర్దోషులై ఉన్నారని ప్రభువే చెప్పాడు. "నా తండ్రి యిదివరకు పనిచేయుచున్నాడు, నేనును చేయుచున్నాను" అని యోహాను 5:17లో అన్నాడు. వారంలో ఒక దినం సంఘానికి ఇవ్వమంటే, ఆ దినంలో కూడా విశ్రాంతి కావాలంటే, సంఘం నడిచేదెలా? ఇది చాలా ఏళ్లుగా సంఘ బాధ్యతలు మోస్తున్న నా నిజమైన ప్రశ్న.

డేరాలు కుట్టేవాడు

గౌరవంతో జవాబిస్తున్నాను. మీరు ఎత్తిన వచనం బలమైనది, దాన్ని తేలికగా తోసిపుచ్చలేం. విశ్రాంతిదినాన యాజకులకు పని ఎక్కువే. సంఖ్యాకాండము 28 ప్రకారం ఆ రోజు రోజువారీ బలులతోపాటు అదనపు బలులు కూడా ఉన్నాయి. అయితే ఆ యాజకులు ఎవరు, ఎంతకాలం చేసేవారు? 1 దినవృత్తాంతములు 24లో దావీదు కాలంలో యాజకులను ఇరువది నాలుగు వంతులుగా విభజించారు. లూకా 1లో జెకర్యా తన తరగతి క్రమం చొప్పున వచ్చి యాజకత్వం జరిగించి, తన సేవాదినాలు పూర్తికాగానే ఇంటికి వెళ్లాడు. దేవదూతను చూసిన మనిషి, మాట పోయిన మనిషి, వంతు ముగిసింది కాబట్టి ఇంటికి వెళ్లాడు! లేవీయుల విషయంలో ఇంకా స్పష్టం: సంఖ్యాకాండము 8 ప్రకారం ఏబది ఏండ్లు నిండినవాడు ఆ సేవ మాని, తరువాత తన సహోదరులకు తోడుగా ఉండాలే తప్ప బరువైన పని చేయకూడదు. దేవుని మందిరంలోనే, దేవుడు రాయించిన ధర్మశాస్త్రంలోనే, పరిచర్యకు వంతులు, వయోపరిమితి ఉన్నాయి.

మోషే సంగతి కూడా చూడండి. ఉదయం నుండి సాయంకాలం వరకు జనులకు న్యాయం తీర్చడం కంటే దైవసేవ ఏముంటుంది? అయినా మామ యిత్రో చూసి, నీవు చేస్తున్న పని మంచిది కాదు, నీవూ నీతో ఉన్న ఈ ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. "ప్రజలూ" అన్న మాట గమనించండి. ఒక్కడే అన్నీ మోసే చోట మోసేవాడే కాదు, సేవ పొందేవారు కూడా నలుగుతారు. మోషే దానికి తన విశ్వాసాన్ని అడ్డుపెట్టలేదు. మామ మాట విని వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి ఒకని చొప్పున నాయకులను నియమించాడు.

యోహాను 5:17 మాత్రం నా దృష్టిలో మనకు ఇచ్చిన మాదిరి కాదు, ఆయన ఎవరో తెలిపే మాట. లోకాన్ని నిలబెట్టే పని తండ్రిది, కుమారునిది. ఆయన ఆగడు కాబట్టే మనం ఆగగలం. కీర్తన 127 చెప్పేది ఇదే: వేకువనే లేచి, చాలా రాత్రి అయ్యాక పడుకొని కష్టార్జితం తినడం వ్యర్థం, "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారి కిచ్చుచున్నాడు."

దీపం

ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మా వృత్తికి ప్రెస్బిటేరియన్ సంఘాలు అనుసరించే వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాసప్రమాణంలో ఒక చోటు ఉంది: విశ్రాంతిదినాన ఆరాధనతోపాటు అవసరపు పనులు, కనికరపు పనులు చేయవచ్చని ఇరవై ఒకటవ అధ్యాయం చెబుతుంది. పదునెనిమిదేండ్లు నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు విశ్రాంతిదినానే స్వస్థపరిచాడు. ఆరు దినాలున్నాయి గదా, వాటిలో రండి అన్న సమాజమందిరపు అధికారిని వేషధారి అన్నాడు. కాబట్టి ఆదివారం రోగి దగ్గర ఉన్నందుకు నాకు ఎన్నడూ దోషభావం లేదు.

కానీ కనికరం పేరుతో ఏడు దినాలూ పనిచేయడం ఎంత సులభమో మా వృత్తిలో ఉన్నవారికి తెలుసు. రోగులకు కొదువ ఉండదు. అందుకే లూకా 5:15, 16 వచనాలు నాకు చాలా ముఖ్యం. బహు జనసమూహాలు వినడానికీ, స్వస్థత పొందడానికీ కూడివస్తుండగా, ఆయన అరణ్యంలోకి వెళ్లి ప్రార్థన చేస్తూ ఉండేవాడు. కపెర్నహూము వెలుపల "అందరు నిన్ను వెదకుచున్నారు" అని పేతురు చెప్పినప్పుడు, ఆయన తిరిగి రాలేదు, వేరే గ్రామాలకు వెళదాం అన్నాడు. బేతెస్ద కోనేటి దగ్గర రోగులు గుంపులుగా పడి ఉండగా, సువార్త గ్రంథం తెలిపినంతవరకు, ఒక్కనితోనే మాట్లాడాడు. స్వస్థపరిచే శక్తి కొదువై ఆయన ఆగలేదు.

పెద్దలు గారు వెస్లీ పేరు చెప్పారు. ధనం వాడుక గురించిన ప్రసంగంలో వెస్లీ "సంపాదించగలిగినంతా సంపాదించండి" అన్న వెంటనే పెట్టిన మొదటి షరతు, ప్రాణాన్ని గాని ఆరోగ్యాన్ని గాని పణంగా పెట్టి సంపాదించకూడదని. తగిన వేళకు తిండి, నిద్ర లేకుండా చేసే పనిలోకి దిగవద్దనీ, దిగి ఉంటే మానుకొమ్మనీ అక్కడే ఉంది.

నిబంధన

ఇప్పటివరకు గంటల గురించి మాట్లాడాం, మనస్సు గురించి తక్కువ మాట్లాడాం. సెలవు దొరికినా విశ్రమించలేనివారు మనలో చాలామంది ఉన్నారు. మత్తయి 11లో ప్రయాసపడి భారం మోసేవారికి విశ్రాంతి ఇస్తానన్న ప్రభువు, మరుక్షణమే కాడి ఎత్తుకొనుడి అన్నాడు. కాడి పనిముట్టు, పడక కాదు. ఎవరి కాడి కింద పనిచేస్తున్నాం అన్నదే అక్కడ తేడా: మనుష్యుల మెప్పు కోసమా, దేవుడు ముందే అంగీకరించాడన్న నిశ్చయతతోనా? సంస్కరణ సంఘాల 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 103వ ప్రశ్న ఈ రెండింటినీ కలిపింది: ఆ దినాన సంఘంతో కూడుకోవడం ఒకటి, జీవితకాలమంతా నా చెడు క్రియలు మాని, ప్రభువును తన ఆత్మ ద్వారా నాలో పనిచేయనిచ్చి, నిత్య విశ్రాంతిని ఈ జన్మలోనే మొదలుపెట్టడం రెండవది. హెబ్రీయులకు 4:10 కూడా, దేవుని విశ్రాంతిలో ప్రవేశించినవాడు తన కార్యములను ముగించి విశ్రమించును అంటుంది.

అయితే ఈ అంతరంగ విశ్రాంతిని చూపించి శరీర విశ్రాంతిని ఎగ్గొట్టమనడం అన్యాయం. "క్రీస్తులో నీకు విశ్రాంతి ఉన్నది కదా, ఇంకో కూడిక నడిపించు" అనడం నేను విన్నాను.

రాత్రిషిఫ్టు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. రెండు నిర్ణయాలు తీసుకున్నాను. ఒకటి, జెకర్యా వంతుల సంగతి, యిత్రో సంగతి మా పెద్దల ముందు పెట్టి, సండే స్కూలుకూ పాటల బృందానికీ వంతులు వేయమని అడుగుతాను. మనుషులు చాలకపోతే మధ్యాహ్నపు కూడికను నెలకు రెండుసార్లకు తగ్గించమంటాను. రెండు, ఆదివారం షిఫ్టు పడిన వారంలో వేరొక దినాన్ని పూర్తిగా ఆపుకుంటాను, ఆ దినాన ఫోను కూడా తీయను.

కానీ నిబంధన గారు సంస్కర్తల గురించి రాసిన మాట, సాయంకాల ప్రార్థన గారు చెప్పిన 2187వ పేరా నన్ను వేరేచోటికి తీసుకువెళ్లాయి. గిడ్డంగిలో సరుకు దించేవారి షిఫ్టుల పట్టిక వేసేది నేనే. నా ఆదివారాల గురించి బాధపడుతూ, వారికి వరుసగా ఎన్ని వారాలు సెలవు లేకుండా వేశానో ఎన్నడూ చూడలేదు. వారిలో చాలామంది వేరే విశ్వాసాలవారు. ఈ ఆజ్ఞ వారి విషయంలో నామీద ఏమైనా మోపుతుందా?

డేరాలు కుట్టేవాడు

మోపుతుంది. నిర్గమకాండము 23:12 చూడండి: నీ ఎద్దు, నీ గాడిద, నీ దాసి కుమారుడు, పరదేశి విశ్రమించాలి. పరదేశి ఇశ్రాయేలు విశ్వాసంలోకి రావాలన్న షరతు అక్కడ లేదు. నీ ద్వారం లోపల పనిచేస్తున్నాడు, అంతే. వారి విశ్రాంతిదినం ఆదివారమే కావాలని మీరు నిర్ణయించవద్దు. ఒక్కొక్కరినీ ఏ రోజు కావాలో అడగండి. కొందరికి పండుగ రోజు కావాలి, కొందరికి పిల్లలకు బడి లేని రోజు కావాలి. పట్టిక మీ చేతిలో ఉన్నంతవరకే మీ బాధ్యత. పైవారు ఒప్పుకోని చోట కనీసం ఎవరికి వరుసగా ఎంతకాలంగా సెలవు లేదో రాసి చూపించండి.

ఆమోసు 8:5లో వర్తకులు విశ్రాంతిదినం ఎప్పుడు ముగుస్తుందా, ధాన్యపు కొట్లు ఎప్పుడు తెరుద్దామా అని లెక్కపెట్టుకుంటున్నారు. వారు ఆ దినాన కొట్టు మూసినవారే, ఆజ్ఞను పైకి పాటించినవారే. మరుసటి వచనంలోనే దరిద్రులను వెండికి, బీదవారిని చెప్పులజోడుకు కొనాలన్నది వారి ఆలోచన.

పాత సంఘపెద్ద

వంతుల విషయం మా సంఘంలో కూడా పెద్దల ముందు పెడతాను. సోమరితనం గురించి నేను రాసినది అలాగే ఉంచుతున్నాను, అది కూడా వాక్యమే. కానీ వంతు వేసుకొని చేసేవాడు సోమరి కాడు. రాత్రిషిఫ్టు గారు, మీ పట్టిక సిద్ధమయ్యాక దాని నమూనా ఇక్కడ పెట్టగలరా? చిన్న సంఘంలో నలుగురైదుగురితో వంతులు ఎలా కుదురుతాయో చూడాలని ఉంది.

మార్త కూతురు

నమూనా పెట్టేటప్పుడు అందులో సంఘపు వంటగదికి కూడా ఒక వరుస గీయండి. ఆ వరుసలో సహోదరుల పేర్లు కూడా రావాలి.